అమానతుగా అందిన బండి

విజయనగరంలో మా ఖాలాజాన్ ఇంటి వరండాలో ఒక మోటారుసైకిలు ఏడాదికి పది నెలలు ముసుగు కప్పుకొని నిలబడి ఉంటుంది. ఆ వీధివారు దాన్ని ‘గల్ఫ్ బండి’ అంటారు. నిజానికి అది గల్ఫ్ నుంచి వచ్చింది కాదు. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన డుకాటీ సంస్థ రూపొందించిన ‘డెజర్ట్ ఎక్స్’ అది. ఖాలాజాన్ కుమారుడు, మేము భాయీజాన్ అని పిలుచుకునే మా అన్నగారు, దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తూ ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో దాన్ని హైదరాబాదులో కొన్నారు. 2022 డిసెంబరులో ఆ బండి మన దేశంలోకి వచ్చినప్పుడు దాని షోరూము ధర దాదాపు 18 లక్షల రూపాయలు. ఆ అంకె చెవిన పడిన నాటి నుంచి ఖాలాజాన్ ఆ ముసుగు వైపు చూడటం మానేశారు.

గత షాబాన్ మాసం మొదట్లో భాయీజాన్ ఫోన్ చేశారు. “నిలబెట్టిన బండి నడిపిన బండికన్నా త్వరగా పాడవుతుంది. మీ అన్నదమ్ములిద్దరూ మూడు రోజులు దాన్ని కొండల వైపు తిప్పి తీసుకురండి. వచ్చాక ఒక్క మాట దాపరికం లేకుండా చెప్పండి. దీన్ని ఉంచుకోవాలా, అమ్మేయాలా?” అన్నారు. అదే సాయంత్రం ఖాలాజాన్ మమ్మల్ని వంటింట్లోకి పిలిచి, “అమ్మేయమని చెప్పండి బేటా. మీ మాటైతే వింటాడు” అన్నారు. ఒకే బండి గురించి ఇద్దరు పెద్దలు మామీద రెండు బాధ్యతలు పెట్టారు. మేము బయలుదేరేటప్పటికి మా మనసులో ఏ సమాధానమూ లేదు.

ముందుగా ముసుగు తీసి బండిని పరీక్షించాము. నెలల తరబడి కదలని బండిలో మొదట బ్యాటరీ నీరసిస్తుంది. టైర్లలో గాలి తగ్గి, నేలకు ఆనుకున్న చోట రబ్బరు అణగిపోతుంది. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి చైను తుప్పు పడుతుంది. ట్యాంకులోని పెట్రోలు కూడా పాతబడుతుంది. బ్యాటరీకి రాత్రంతా ఛార్జింగ్ పెట్టాము. చైనును కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, కందెన పట్టించాము. ఇంజనాయిలు ప్రతి 15 వేల కిలోమీటర్లకు లేదా రెండేళ్ళకు, ఏది ముందైతే దానికి, మార్చాలని ఆ సంస్థ నియమం. కిలోమీటర్లు అందులో మూడోవంతు కూడా కాకపోయినా రెండేళ్ళు నిండాయి గనుక ఆయిలు మార్పించాము.

ఈ బండి వంశచరిత్ర ఆసక్తికరమైనది. డుకాటీ మొదట మోటారుసైకిళ్ళ సంస్థ కాదు. 1926లో ఒక తండ్రి, ముగ్గురు కుమారులు కలిసి రేడియో విడిభాగాల తయారీకి దాన్ని స్థాపించారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైకిలుకు తగిలించుకునే చిన్న ఇంజనుతో వారు ఈ దారి పట్టారు. 1950వ దశకంలో ఫాబియో తాలియోనీ అనే ఇంజనీరు వారి పందెపు బండ్లకు ఒక ప్రత్యేకమైన ఏర్పాటు చేశాడు. సాధారణ ఇంజనులో కవాటాన్ని తెరిచేది ఒక మీట అయితే మూసేది స్ప్రింగు. అతడు స్ప్రింగుకు బదులు మూయడానికి కూడా ఒక మీటనే పెట్టాడు. అందువల్ల ఇంజను ఎంత వేగంగా తిరిగినా కవాటం తన సమయం తప్పదు. ఆ పద్ధతే నేటికీ ఈ 937 సీసీ ఇంజనులో ఉంది. దాని మూల్యం కూడా ఉంది. ప్రతి 30 వేల కిలోమీటర్లకు ఆ కవాటాల సందులను నిపుణుడు కొలిచి సరిచేయాలి. అది వీధి చివరి షెడ్డులో అయ్యే పని కాదు.

ఎడారికీ దీనికీ బంధుత్వం ఉంది. 1978 డిసెంబరులో పారిస్ నుంచి సెనెగల్ రాజధాని డకార్‌కు మొదలైన పందెం సహారా మీదుగా, నైజర్, మాలీ వంటి ముస్లిం దేశాల గుండా సాగేది. అందులో 1990లోనూ 1994లోనూ ఎడీ ఓరియోలీ అనే ఇటలీ రౌతు గెలిచాడు. అతడు నడిపిన కజీవా సంస్థ బండిలో ఉన్నది డుకాటీ ఇంజనే. ఆ బండి పేరు ‘ఎలిఫాంట్’, అంటే ఏనుగు. డెజర్ట్ ఎక్స్ రూపంలో నేటికీ ఆ పోలిక కనిపిస్తుంది. 2020 నుంచి ఆ పందెం సౌదీ అరేబియాలో జరుగుతోంది. భాయీజాన్‌కు ఈ మోజు పుట్టింది అక్కడే. అయితే ఆ పందెం చరిత్రలో మరో పుట కూడా ఉంది. పోటీదారులే కాక, దారి పక్కన చూస్తూ నిలబడిన పల్లెవాసులు, పసిపిల్లలు సైతం ఆ బండ్ల కింద ప్రాణాలు కోల్పోయారు. ఊరు కనబడితే వేగం ముప్ఫై దాటరాదని మేము బయలుదేరే ముందే నియమం పెట్టుకున్నాము.

బుధవారం ఫజర్ నమాజు ముగించి బయలుదేరాము. ఒకరు పెద్ద బండి మీద, మరొకరు మా పాత హీరో స్ప్లెండర్ మీద. మధ్యలో మార్చుకోవాలన్నది ఒప్పందం. ఖాలాజాన్ పరాఠాలు, మామిడికాయ పచ్చడి కట్టి ఇచ్చారు. బండిని చూడకుండానే మా ఇద్దరి హెల్మెట్ల పట్టీలను తన చేత్తో బిగించారు.

గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు చేరేవరకు తారురోడ్డు. ఎనిమిది అశ్వశక్తి స్ప్లెండర్ ముందు, నూటపది అశ్వశక్తి ఇటలీ బండి వెనుక. ఎద్దుబండ్లు, గొర్రెలమందలు, చెరకు ట్రాక్టర్లు ఉన్న దారిలో రెండింటి వేగమూ ఒకటే. తేడా అల్లా పెద్ద బండి ఇంజను వేడి మా మోకాళ్ళను కాల్చుతుంది, చిన్నది కాల్చదు.

సాలూరు దాటాక ఒడిశా వైపు ఘాటురోడ్డు మొదలవుతుంది. ఒక మలుపు దాటగానే పెద్ద బండి తన అసలు స్వభావం చూపింది. ఎత్తు ఎక్కుతున్నా గేరు మార్చమని అడగలేదు. మలుపులో వంగినా తూలలేదు. వెనుక స్ప్లెండర్ మూడో గేరులో మూలుగుతూ వచ్చింది. పైన ఆగి చూస్తే వేగావతి లోయ పలుచని మంచులో పరుచుకొని ఉంది. అంతవరకు సమాధానం ‘ఉంచుకోండి’ అనే అనిపించింది.

అక్కడి నుంచి తిరిగి వస్తూ పాచిపెంట మండలంలో ఒక మట్టిదారిలోకి మళ్ళాము. ఇక్కడే ఈ బండి తన జన్మకు తగిన నేలను కలుసుకోవాలి. ముందు చక్రం 21 అంగుళాలు. అది పెద్దది గనుక రాళ్ళను, గోతులను సులువుగా ఎక్కి దిగుతుంది. ఇంజనుకూ నేలకూ మధ్య 25 సెంటీమీటర్ల ఎడం. మీట నొక్కి ‘ఎండ్యూరో’ పద్ధతి ఎంచుకుంటే ఇంజను తన శక్తిని 75 అశ్వశక్తికి తగ్గించుకుంటుంది. ఇటువంటి దారిలో సీటు మీద కూర్చోకూడదు. కాలిపెడల మీద నిలబడి, మోకాళ్ళు వదులుగా ఉంచి, చూపును ఇరవై గజాల ముందుకు సారించాలి. కంటి ఎదుటి రాయిని చూస్తే బండి ఆ రాయి మీదికే పోతుంది.

పాఠం తెలుసు. అయినా ఎండిన వాగు దాటేటప్పుడు మేము ఆ రాయినే చూశాము. ఇసుకలో ముందు చక్రం తూలగానే భయపడి యాక్సిలరేటర్ వదిలేశాము. ఇసుకలో చేయకూడని పని అదే. శక్తి తగ్గగానే బరువంతా ముందుకు వచ్చి చక్రం దిగబడుతుంది. బండి ఎడమవైపు ఒరిగి పడిపోయింది. ఇద్దరిలో ఎవరు నడుపుతున్నారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అమానతు ఇద్దరికీ అప్పగించినది గనుక పడింది మేమిద్దరమూ.

మోచేతికి గీత పడటం తప్ప దెబ్బ తగలలేదు, అల్‌హందులిల్లాహ్. కాని పెట్రోలుతో కలిపి 223 కిలోల ఆ బండిని ఇసుకలోంచి లేపడం మా వల్ల కాలేదు. సీటుకు వీపు ఆనించి కాళ్ళ బలంతో లేపాలని తెలిసినా, కాళ్ళు ఇసుకలో జారిపోయాయి. అంతలో ఎదురుగా గిరిజన దంపతులు ఒక చిన్న బండి మీద వచ్చారు. వెనుక కొండచీపుళ్ళ కట్టలు, వాటి మీద ఆమె. మేము దిగబడిన వాగులోనే, నాలుగు గజాల అవతల, గట్టి నేల ఎక్కడుందో తెలిసిన మనిషి తీరున ఆయన చీపుళ్ళు కదలకుండా దాటి వచ్చి ఆగారు. నలుగురమూ కలిసి బండిని నిలబెట్టాము. ఆమె నవ్వు ఆపుకుంటూ, “ఇంత బరువు బండేటి బాబూ! ఇది మిమ్మల్ని మోస్తాదా, మీరే దీన్ని మోస్తారా?” అని అడిగారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఖాలాజాన్ పరాఠాలు మాత్రం తీసుకున్నారు.

నష్టం అప్పుడు తెలిసింది. గేరు రాడ్డు లోపలికి వంగి ఇంజనుకు ఆనుకుపోయింది. కాలివేళ్ళు దాని కిందికి వెళ్ళవు. బండి రెండో గేరులో ఉండిపోయింది. చింతచెట్టు కింద ప్రయాణపు నమాజు చేసుకొని, లక్షల ఖరీదు బండిని రెండో గేరులోనే, స్ప్లెండర్ వెనుక, సాలూరు దాకా నడిపించుకొని వచ్చాము.

సాలూరు అంటే లారీలు. ఆంధ్ర–ఒడిశా–ఛత్తీస్‌గఢ్ దారి మీద ఉన్న ఈ ఊళ్ళో లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీలు కట్టే వడ్రంగులు, కమ్మీపట్టీలు సరిచేసే కమ్మరులు, పేర్లు రాసే రంగుల మేస్త్రీలు ఒకరి పక్కన ఒకరు ఉంటారు. ఒక షెడ్డులో నెరిసిన గడ్డం గల మేస్త్రీ మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, “ఎంత లోడు ఎత్తుతాది?” అని అడిగారు. ఇద్దరు మనుషులు, రెండు సంచులు అని చెప్పాము. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ మౌనం ఖాలాజాన్ మాటకన్నా గట్టిగా తగిలింది.

కాని ఆయన చేతుల పనితనం చూశాక మా దిగులు తీరింది. గేరు రాడ్డును, దానికి అమర్చిన సెన్సరు తీగను వేరుచేసి, రాడ్డును మాత్రమే పట్టుకారులో బిగించారు. అది అల్యూమినియం. చల్లగా ఉన్నప్పుడు వంచితే పుటుక్కున విరుగుతుంది. ఎక్కువ వేడిచేస్తే రంగు మారకుండానే కరిగి జారిపోతుంది. ఎంత వేడి చాలునో కంటికి తెలియదు. ఆయన స్నానపు సబ్బు ముక్క తెచ్చి రాడ్డు మీద రుద్దారు. గ్యాసు మంటను దూరం నుంచి ఆడించారు. సబ్బు గోధుమరంగుకు తిరగగానే మంట తీసేసి, కొయ్యసుత్తితో నెమ్మదిగా తట్టారు. రాడ్డు లొంగింది. “సబ్బు నల్లబడితే వేడి మించినట్టు” అన్నారు. కూలి నూటయాభై రూపాయలు. “లారీవోడు పొద్దున్నే బండి సుట్టూ ఓసారి తిరిగి, అప్పుడే తాళం తిప్పుతాడు. మీరూ అలాగే సెయ్యండి” అన్నది ఆయన ఉచితంగా ఇచ్చిన సలహా.

ఆ రాత్రి సాలూరు నుంచే దమ్మామ్‌కు ఫోన్ చేశాము. అక్కడ అప్పుడే మగ్రిబ్ ముగిసింది. బాగుచేయించి అప్పగిస్తే తెలియదు కదా అన్న ఆలోచన మాలో రాలేదని చెప్పలేము. వచ్చింది. అందుకే ఘాటురోడ్డు అందం చెప్పకముందే పడిన సంగతి చెప్పాము. భాయీజాన్ అడిగిన మొదటి ప్రశ్న, “మీకు దెబ్బ తగిలిందా?” రెండో ప్రశ్న, “అమ్మీకి తెలుసా?” బండి గురించిన ప్రశ్న మూడోది.

గురువారం ఉదయం మేస్త్రీ చెప్పినట్టే బండి చుట్టూ తిరిగి, చైను బిగువు చూసి, స్పోకులను ఒక్కొక్కటిగా స్పానరుతో తట్టాము. బిగువుగా ఉన్న స్పోకు కణకణమంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. వెనుక చక్రంలో ఒకటి మొద్దుగా పలికింది, బిగించాము. దారిలో బొబ్బిలి వచ్చింది. ఆ పక్క గొల్లపల్లిలో పనసకొయ్యను తొలిచి వీణలు చేసే కుటుంబాలున్నాయి. తీగను చెవితో సరిచూసుకునే ఊరిని, స్పోకులను చెవితో సరిచూసుకున్న ఉదయమే దాటడం మాకు ముచ్చటగా తోచింది. బొబ్బిలి పేరులోనూ మనకు తెలిసిన మాట ఒకటి దాగి ఉందంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ గౌరవార్థం ‘షేర్’ అనే మాటకు తెలుగుగా ‘పెబ్బులి’ అని పెట్టిన పేరే క్రమంగా బొబ్బిలి అయిందని చెబుతారు.

పార్వతీపురం దాటి నాగావళి మీది తోటపల్లి బ్యారేజీ దగ్గర టీ తాగుతుంటే, “అస్తమయం తరవాత ఈ దారిలో ఉండకండి, ఏనుగులు తిరుగుతున్నాయి” అని దుకాణదారు హెచ్చరించాడు. కొన్నేళ్ళుగా ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు ఈ మన్యం మండలాల్లో చెరకు, వరి, అరటి తోటలలో సంచరిస్తోంది. రైతుకు పంట నష్టం, అప్పుడప్పుడు ప్రాణనష్టం. అటు ఏనుగులూ విద్యుత్ తీగలకు బలి అవుతున్నాయి. ‘ఏనుగు’ పేరు గల బండి వారసురాలి మీద వచ్చిన మేము నిజమైన ఏనుగుల పేరు వినగానే బుద్ధిగా సైలెన్సరు చప్పుడు తగ్గించుకొని, వెలుగుండగానే పాలకొండ చేరి బస చేశాము.

శుక్రవారం తెల్లవారగానే సీతంపేట కొండలు ఎక్కాము. ఆడలి దారి మీద నుంచి చూస్తే కొండ వెనుక కొండ, మధ్యలో జీడితోటల పూత, ఇళ్ళ ముందు ఆరబోసిన పసుపు. సవర గూడెం ముందు ఇంజను ఆపి, బండిని దొర్లించుకుంటూ దాటాము. పసుపు మీద దుమ్ము లేపే హక్కు మాకు లేదు. ఆ దుమ్ము బండికీ శత్రువే. ఒక్క ఉదయం ఎర్రమట్టి దారిలో తిరిగితే చైను గరగరమంటుంది, ఎయిర్ ఫిల్టరు పూడుకుంటుంది. ఊపిరి ఆడని ఇంజను పెట్రోలు ఎక్కువ తాగి తక్కువ పని చేస్తుంది.

హిరమండలం దగ్గర వంశధార దాటి జుమా వేళకు శ్రీకాకుళం చేరాము. పూర్వం చికాకోల్ అని పిలిచిన ఈ పట్టణంలోని జామియా మసీదును 1641లో కట్టించింది ఆ షేర్ మహమ్మద్ ఖానే. దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా ఆ గోడలు నిలబడి ఉన్నాయంటే, ప్రతి తరమూ సున్నం వేసి, నీరు కారిన చోట అతికి, చెదిరిన రాయిని సరిచేస్తూ రావడం వల్లనే. నమాజు తరవాత పిల్లలు బండి చుట్టూ మూగారు. “స్పీడెంత?” అని అందరూ అడిగారు. “దేనికి ఆగుతుంది?” అని అడిగిన ఒక్క పిల్లవాడికి బ్రేకులు చూపించాము.

అసర్ వేళకు కళింగపట్నం చేరాము. దీపస్తంభం అవతల పొడవైన ఇసుకతీరం. డెజర్ట్ ఎక్స్ పేరుకు తగిన నేల మా ప్రయాణంలో ఇదొక్కటే. టైర్లలో కొంత గాలి తగ్గిస్తే రబ్బరు వెడల్పుగా పరుచుకొని ఇసుక మీద తేలుతుంది. బరువు వెనక్కు వేసి, యాక్సిలరేటర్ వదలకుండా పోతే, వాగులో తప్పిన పాఠాన్ని ఇక్కడ ఒప్పజెప్పవచ్చు. గాలి తీయడానికి వంగాము కూడా. అప్పుడు ఒక జాలరి, వెదురు కంచె వేసిన చోటును చూపించి, తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజులని చెప్పారు. జనవరి మొదలు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, కప్పి, సముద్రంలోకి వెళ్ళిపోతాయి. కంచె వేసినవి దొరికిన గూళ్ళు మాత్రమే. దొరకనివి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. బండిని రోడ్డు మీదే నిలబెట్టి, చెప్పులు చేతపట్టుకొని నీటి అంచుదాకా నడిచి వెళ్ళాము.

ఇషా తరవాత ఇల్లు చేరాము. మరునాడు ఉదయమంతా బండికే. నీటిని జోరుగా కొట్టకుండా బకెట్టుతో కడిగాము. జోరు నీరు చక్రాల బేరింగుల్లోకి దూరి కందెనను కడిగేస్తుంది. రేడియేటరు రెక్కల మట్టిని మెత్తని బ్రష్షుతో తీశాము. ఎయిర్ ఫిల్టరు మార్పించాము. కొత్త గేరు రాడ్డుకు మా ఖర్చుతో ఆర్డరు ఇచ్చాము.

ఆ తరవాత భాయీజాన్‌కు ఫోన్ చేసి మా మాట చెప్పాము: “బండిలో లోపమేమీ లేదు. కాని మన దారుల్లో అది చేసే పని చాలావరకు స్ప్లెండరూ చేస్తుంది. ఘాటులో అది ఇచ్చే ఆనందం మాత్రం స్ప్లెండర్ ఇవ్వదు. ఆ ఆనందం కోసం కష్టపడింది మీరు, పొందింది మేము. మీరు వచ్చి నడపగలిగితే ఉంచుకోండి. లేకుంటే నడిపేవారికి ఇచ్చేయండి. ముసుగు కింద మాత్రం వద్దు.” ఆయన కాసేపు మాట్లాడలేదు. “ఈద్ తరవాత వస్తాను. నేనే ఒకసారి సాలూరు ఎక్కి చూసి చెబుతాను” అన్నారు. “ఆ మేస్త్రీ సరిచేసిన రాడ్డు పారేయకండి” అని కూడా అన్నారు.

ఫోన్ పెట్టేసరికి ఖాలాజాన్ వరండాలో బండి పక్కన నిలబడి ఉన్నారు. పడిన సంగతి ఆమెకూ చెప్పాము. ఎడమవైపు వంగి, గీత పడిన చోటును వేలితో తడిమి, “ఇక్కడేనా?” అని అడిగారు. మళ్ళీ ముసుగు కప్పబోతుంటే వద్దని చెప్పి, తన చేతిలోని గుడ్డతో ట్యాంకు మీది నీటిచుక్కలు తుడిచారు. అమ్మేయమన్న మాటను మాత్రం ఆమె వెనక్కు తీసుకోలేదు.